నాన్న పక్కన చోటు

మా అమ్మకి గడ్డి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. సుంగై పెటాని అనే ఈ మలాయి ఊళ్ళో మా ఇంటి ముందు, కారు నిలిపే సిమెంటు గచ్చుకీ రోడ్డు పక్క కాలవకీ మధ్య చాప పరిచినంత నేల ఉంది. అదైనా పచ్చగా ఉండాలని ముచ్చటపడి నర్సరీ నుంచి పచ్చిక పలకలు తెచ్చి పరిచాను. ఓ మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఆ పచ్చికంతా వేళ్ళతో సహా గేటు పక్కన పోగై ఉంది. అమ్మ గుమ్మం ముందు పీట వేసుకుని గోళ్ళలో మట్టి తీసుకుంటోంది.

"వాకిట్లో గడ్డి పెంచుకుంటారేటే ఎవులైనా? పాములొత్తాయి," అంది, నేను నోరు తెరవకముందే.

"అది కొని తెచ్చిన గడ్డమ్మా!"

"గడ్డి కొన్నావా?" అని అమ్మ నవ్విన నవ్వుకి పక్కింటి చైనా ఆవిడ కిటికీ తీసి చూసింది. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ, "మా టీచరమ్మ గడ్డి కొన్నాది లా!" అని, ఇక్కడి వాళ్ళ "లా" చివర తగిలించి మరీ చెప్పుకుని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నేలని సిమెంటు చేయించేశాను.

అమ్మని అనీ లాభం లేదు. ఆమె పుట్టింది రబ్బరు తోటలో, కలుపు తీసే ఆడవాళ్ళ ముఠా మధ్య. మా అమ్మమ్మ రోజుల్లో రబ్బరు చెట్ల కింద గడ్డిపోచ కనిపించకూడదన్నది దొరల చట్టం. నేల ఊడ్చిన గదిలా ఉండాలి. కూలీల మీద అజమాయిషీ చేసే కంగాణి చేతిలో కర్రతో వరస వెంట నడుచుకుంటూ వచ్చి, ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ నిలబడిపోయేవాడట. అంతే, వరస మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అమ్మ నడక నేర్చింది ఆ ముఠా వెనకాల, మాట నేర్చింది వాళ్ళ తిట్లలోంచి. కాస్త ఎదిగాక తనూ పార పట్టుకుని అదే పనిలోకి దిగింది.

తర్వాత దొరలకే బుద్ధి వచ్చింది. వాన పడ్డప్పుడల్లా మట్టి ఎర్రటి నీళ్ళై కాలవల్లో పోతోందని, చెట్ల వేళ్ళు బయటపడుతున్నాయని తెలుసుకుని, వాళ్ళే చెట్ల కింద తీగమొక్కలు పాకించారు. ఆ సంగతి మా వాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పలేదు, చెప్పినా వినేవాళ్ళు కారు. కూలీలకి వరసగా కట్టిన మా లైను ఇళ్ళ వాకిళ్ళు, రామ మందిరం ముంగిలి, ఆఖరికి శ్మశానం కూడా ఎర్రగా, నున్నగా మెరుస్తూ ఉండేవి. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో పని చేసే ఆడమనిషి లేదని. సమాధి మీద మొలిచిందంటే ఆ చచ్చినవాడికి అయినవాళ్ళు లేరని. ఇంతకంటే పెద్ద తిట్టు మా తోటలో లేదు.

మా నాన్న ఆ శ్మశానంలోనే ఉన్నాడు. రబ్బరు గీసేవాడు. భజనలో అందరికంటే గట్టిగా, అందరికంటే అపస్వరంగా పాడేవాడు. పాలు లేని కాఫీ ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, స్ట్రా పెట్టుకుని, సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని తాగుతూ తిరిగేవాడు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా పోయాడు. శ్మశానం ఒక చిన్న గుట్ట ఏటవాలు మీద, కింద గెడ్డ పారుతూ ఉంటుంది. మ్యాపులో దానికి మలాయి పేరు ఉంది. మా వాళ్ళు మాత్రం ఏ పేరూ పెట్టకుండా ఉత్తి గెడ్డ అనేవాళ్ళు, సముద్రం అవతల ముత్తాతల ఊళ్ళో అన్నట్టే. నాన్నకి పై పక్కన మా పెదనాన్న అప్పటికే ఉన్నాడు. గెడ్డ వైపు పక్క ఖాళీ. గొయ్యి తవ్వుతున్నప్పుడే అమ్మ ఆ ఖాళీ నేల మీద చెంగు పరిచి కూర్చుని, "ఈ సోటు నాది. ఇక్కడ ఎవుల్నీ ఎట్టనివ్వొద్దు," అని అందరికీ చెప్పింది.

అప్పట్నుంచీ అది అమ్మ చోటు. తోట అమ్ముడుపోయింది, రబ్బరు కొట్టేసి ఆయిల్ పామ్ వేశారు, లైను ఇళ్ళు పడగొట్టారు, అందరం పట్నాల్లో సర్దుకున్నాం. అమ్మ నా దగ్గరికి వచ్చింది. శ్మశానం మాత్రం అలాగే వదిలేశారు. సెలవు దొరికినప్పుడల్లా అమ్మని కారులో తీసుకెళ్ళేదాన్ని. దారిలో కాఫీ కొట్టు దగ్గర ఆగి, పాలు లేని కాఫీ ఒక సంచి కట్టించుకోవాలి. అక్కడ కొంచెం నాన్నకి పోసి, మిగతాది అమ్మ తాగుతుంది. ఆ తర్వాత పని మొదలు. ముందు నాన్న మీద గడ్డి, తర్వాత తన చోటు మీద గడ్డి, ఆ తర్వాత అంచు దాకా ఏటవాలంతా. పెదనాన్నకి మాత్రం పైపైన, మొక్కుబడికి. బతికున్నప్పుడు ఆయనతో ఏదో కోడి తగాదా ఉంది, ఇంకా తీరలేదు.

నేను పెద్ద బడిలో భూగోళం చెబుతాను, మలాయిలో. పిల్లలకి నేను చిక్గూని, అంటే టీచర్ని. ప్రతి ఏడాదీ నది పాఠం వస్తుంది. బోర్డు మీద పాములాగ వంకర గీత గీసి, మలుపు బయటి ఒడ్డుని నీళ్ళు కోస్తాయనీ, లోపలి ఒడ్డు మీద ఇసుక మేట వేస్తాయనీ చెబుతాను. వేళ్ళు లేని నేల మీద వాన చినుకు పడితే మట్టి ఎలా చెదురుతుందో, నీటి చాలు ఎలా గండి అవుతుందో బొమ్మలు వేయిస్తాను. పిల్లలు రంగు పెన్సిళ్ళతో చక్కగా దిద్దుతారు. మా శ్మశానం అచ్చంగా మలుపు బయటి ఒడ్డు మీద ఉందని, దాన్ని నున్నగా గీకి పెడుతున్నది మా అమ్మేనని నాకు ఒకరోజు బోర్డు ముందే తట్టింది. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు బల్ల పిల్ల, "చిక్గూ, ఒంట్లో బాగా లేదా?" అని అడిగింది.

ఆ వారాంతం వెళ్ళి చూశాను. ఎప్పుడూ చూసే చోటే, కానీ ఎప్పుడూ అంచుకి వెళ్ళి కిందికి చూడలేదు. వాన నీళ్ళు ఏటవాలు మీద వేలు పట్టేంత చాళ్ళు తీశాయి, అవి కిందికి పోయేకొద్దీ చెయ్యి పట్టేంత అయ్యాయి. అంచున ఉండే పాత సమాధుల్లో కొన్ని కనిపించలేదు. ఎవరివో మాకూ తెలియదు, పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఒకదాని సిమెంటు గట్టు మాత్రం గెడ్డలో సగం మునిగి ఉంది. నీళ్ళు ఒడ్డుని పైనుంచి కాదు, కింద పాదం దగ్గర తవ్వుతున్నాయి. దిగువ మలుపులో కొత్తగా ఇసుక మేట లేచింది, దాని మీద ఎవరో అప్పుడే అరటి పిలకలు నాటుకున్నారు. అమ్మ ఇవేమీ చూడలేదు. వెనక నుంచి పార చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కారులో చెప్పాను. గడ్డి వేళ్ళు మట్టిని పట్టుకుంటాయనీ, నువ్వు పీకే కొద్దీ మట్టి వదులైపోతోందనీ, పిల్లలకి చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాను. అమ్మ కిటికీలోంచి ఆయిల్ పామ్ చెట్లు చూస్తూ వింది.

"నాను అరవై ఏళ్ళు పీకినాను గడ్డి. ఏటి కొట్టుకుపోనాది?"

"చాలా కొట్టుకుపోయింది. నువ్వు చూడలేదంతే."

"మీ అయ్య మీద గడ్డి మొలిపించమంటావా? దిక్కులేనోడిలాగ?"

ఆమె దగ్గర నా చదువు నోట్లో వేసుకున్న ఐసుముక్కలాగ ఎప్పుడూ ఇంతే, మాట పూర్తయ్యేలోగా కరిగిపోతుంది.

ఒడ్డుకి రాళ్ళు పేర్పించమని తిరగవలసిన చోట్లన్నీ తిరిగాను. తోట ఆఫీసులో కుర్రాడు మర్యాదగా కూర్చోబెట్టి, ఆ శ్మశానం తమ మ్యాపులో లేదని చెప్పాడు. నీళ్ళ సంగతి చూసే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, ఒడ్డు మీద నిలబడి ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాడు, "చూద్దాం కాక్," అన్నాడు, నన్ను అక్కా అని పిలుస్తూ. ఆయన్ని తప్పుపట్టలేను. పై ఊళ్ళో ఇళ్ళే విరిగిపడే ఒడ్డు మీద ఉన్నాయి, బతికున్నవాళ్ళని వదిలి మా నాన్న కోసం రాళ్ళు ఎక్కడ పేరుస్తాడు? నది ఎవరి మీదా పగ పట్టలేదు. అది వంక తిరుగుతోంది, అంతే. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మా తమ్ముడు కౌలాలంపూర్‌లో, బ్రిక్‌ఫీల్డ్స్ దగ్గర ఉంటాడు. వాడికి తెలుగు కంటే తమిళం తొందరగా వస్తుంది. ఫోన్‌లో, "అక్కా, నంబ ఎన్న సెయ్య ముడియుం?" అన్నాడు. మనమేం చెయ్యగలం అని. మళ్ళీ వాడే ఒక దారి చెప్పాడు, నాన్న ఎముకలు తీయించి పట్నం శ్మశానంలోకి మార్చేద్దామని. పక్కన అమ్మకి చోటు కూడా దొరుకుతుంది. నాకు మంచిదే అనిపించింది. ఫోన్ అమ్మకిచ్చాను.

"పడుకున్నోణ్ణి లేపుతారురా?" అంది అమ్మ. "తెల్లారకుండా లేసి చెట్లు గీసి గీసి, ఇప్పుడే కదరా నిద్రపోతన్నాడు." ఫోన్ నా చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరికి వట్టివేళ్ళ గడ్డి గుర్తొచ్చింది. పెద్ద రోడ్ల పక్కన గుట్టలు జారిపోకుండా నాటుతారు, పాఠంలో కూడా ఉంది. వేళ్ళు పక్కలకి పోకుండా నిలువుగా లోతుకి దిగుతాయి. గెడ్డ దానికంటే కింద తవ్వుతోందని నాకు తెలియకపోలేదు. కానీ ఏదో ఒకటి చెయ్యకుండా చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక శనివారం అమ్మకి బడిలో పని ఉందని చెప్పి, పిలకలు కొనుక్కుని ఒక్కదాన్నీ వెళ్ళాను. అమ్మ చోటు చుట్టూ, అంచు పొడుగునా వరసలుగా నాటాను. నడుం పట్టేసింది. మధ్యాహ్నం ఎండలో నాన్న గట్టు మీద కూర్చుని, కొనుక్కొచ్చిన కాఫీ సంచి ఇద్దరం పంచుకున్నాం. చాలా రోజుల తర్వాత నాకు ఆ పూట మనసు కొంచెం నిలకడగా ఉంది.

బడి సెలవుల్లో తమ్ముడు వచ్చాడు. నేను పరీక్ష పేపర్లతో కూర్చుని ఉన్న పూట అమ్మని బయట తిప్పుకొస్తానని తీసుకెళ్ళాడు. సాయంత్రం కాకుండానే ఫోన్‌కి ఫోటో వచ్చింది. నున్నటి ఎర్రనేల. మూలగా కుప్పపోసిన వట్టివేళ్ళ గడ్డి. మధ్యలో పార మీద చెయ్యి ఆనించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న అమ్మ. కింద తమ్ముడి రాత: "అక్కా, ఫుల్ క్లీన్ చేసినాం లా! అమ్మ వెరీ హ్యాపీ."

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఎవుడో మనమంటే గిట్టనోడు మీ అయ్య పక్కన వరసలు కట్టి మరీ గడ్డి ఏసినాడే! నా సోటు సుట్టూ కూడాను. ఎంత కుళ్ళు సూడు!"

"నేనే వేశానమ్మా."

అమ్మ చెప్పులు విప్పుతున్నది ఆగిపోయింది. తమ్ముడు చటుక్కున వంటింట్లోకి పోయాడు.

"ఎందుకే?"

"నీ చోటు పోతోంది. గెడ్డ తినేస్తోంది. ఆ గడ్డి కొన్నాళ్ళు పట్టుకుంటుందేమోనని." ఇంకా ఏదో పాఠం చెప్పాలనుకున్నాను కానీ ఏడుపొచ్చేసింది. "నువ్వు నాన్న పక్కన ఉండాలి కదా. అందుకని."

నేను చెప్పిన కారణం ఆమె నమ్మలేదని నాకు తెలుసు. గడ్డి వల్ల నేల నిలబడుతుందన్నది ఆమెకి పిచ్చిమాట. కానీ నా గొంతు ఆమెకి వినపడింది. "ఏడవకే గుంటా," అంది. "నువ్వు మల్లీ ఏసుకో. పీకొచ్చని నువ్వు సెప్పీదాకా నాను ముట్టను."

ముట్టలేదు. మళ్ళీ నాటాను. ఈసారి తమ్ముడు నీళ్ళు మోశాడు. ఆ తర్వాత నెలల్లో ఎప్పుడు వెళ్ళినా అమ్మ నాన్న గట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గడ్డిని చూస్తూ ఉండేది. వట్టివేళ్ళు చక్కగా పట్టాయి. వాటితో పాటు లాలాంగ్ గడ్డి కూడా లేచింది, నాన్న మీద, పెదనాన్న మీద, కాలిబాట మీద. తోటలో అందరూ శత్రువులా చూసిన గడ్డి అది. ఎవరైనా పాత తోటవాళ్ళు సమాధుల దగ్గరికి వస్తే అమ్మ లేచి చెట్టు చాటుకి పోయేది, సిగ్గేసి. ఒకసారి తెలియకుండానే ఆమె వేళ్ళు ఒక పోచని చుట్టుకున్నాయి. నా వైపు చూసి వదిలేసింది. ఆ చేతుల్ని అలా ఖాళీగా కూర్చోబెట్టింది నేనే. అయినా పీకమని చెప్పలేదు.

దీపావళికి ముందు మా కెడాలో వానలు పట్టుకుంటాయి. ఆ ఏడు విడవకుండా పట్టాయి. బడి వసారాలోంచి చూస్తే కాలవల్లో నీళ్ళు చిక్కటి టీ రంగులో పోతున్నాయి. ఎక్కడిదో మట్టి అనుకుంటాం కానీ, అది ఎవరిదో మట్టి. అమ్మ ఇంట్లో ఏమీ అడిగేది కాదు. వాన జోరు పెరిగినప్పుడు మాత్రం టీవీ చప్పుడు తగ్గించి, వింటూ కూర్చునేది.

పండక్కి ముందు పెద్దవాళ్ళకి పెట్టుకునే రోజున వాన తెరిపి ఇచ్చింది. తమ్ముడు కూడా వచ్చాడు. నాన్నకి ఇష్టమైన కోడికూర, గారెలు, ఒక సంచి కాఫీ పట్టుకుని ముగ్గురం వెళ్ళాం. కారు దిగగానే గెడ్డ చప్పుడు ఎప్పటికంటే దగ్గరగా వినిపించింది. నాకు అక్కడే అర్థమైపోయింది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను, ఆమె విదిలించుకుని నడిచింది.

అమ్మ చోటు లేదు. నాన్న గట్టు దాకా నేల కోసినట్టు తెగిపోయింది. గట్టు సిమెంటు ఒక మూల బీటిచ్చి గాల్లోకి వేలాడుతోంది. కోత పచ్చిగా, ఎర్రగా ఉంది, అందులోంచి తెగిన వేళ్ళు బయటికి వచ్చి ఊగుతున్నాయి. కింద నీళ్ళలో ఆ నేల ముక్క పెద్ద గడ్డగా, ఇంకా విడిపోకుండా కూర్చుని ఉంది. దాని మీద నా వట్టివేళ్ళ వరసలు వంకర పోకుండా, పచ్చగా, గాలికి తల ఊపుతూ నిలబడి ఉన్నాయి. పట్టుకోమన్న మట్టిని అవి వదల్లేదు. మట్టితో సహా దిగిపోయాయి.

తమ్ముడు "అయ్యో" అని కోడికూర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను అమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను. ఆమె అంచు నుంచి కిందికి చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏడిస్తే ఎలా ఓదార్చాలో ఆలోచించుకుంటున్నాను.

"నీ గడ్డి బాగా పట్టినాదే," అంది అమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. ఓదార్చవలసింది నేను, ఓదారుస్తున్నది ఆమె. తడి మట్టి అంటిన చేత్తో నా వీపు నిమిరింది, చిన్నప్పుడు జ్వరం వస్తే నిమిరినట్టు.

"పోనీలే. ఇప్పుడేటైంది? నాను పోతే నన్ను కాల్సీండి. బూడిద తెచ్చి ఈ గెడ్డలోనే కలిపీండి." ఆమె కళ్ళు నాన్న గట్టు బీట మీద ఉన్నాయి. "మీ అయ్య కూడా ఎలగూ అటే వొత్తాడు. ఈ ఏడో, వొచ్చీ ఏడో."

తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేమిద్దరం చదువుకున్నవాళ్ళం, ఉద్యోగాలున్నవాళ్ళం. ఒక్క మనిషి వెడల్పు నేల మా అమ్మకి నిలబెట్టి ఇవ్వలేకపోయాం. ఇక మిగిలిన ఆ కాస్తా నిలబెట్టలేమని కూడా ముగ్గురికీ తెలుసు.

అమ్మ నాన్నకి కాఫీ పోసింది, గారెలు పెట్టింది, దణ్ణం పెట్టుకుంది. తర్వాత పెదనాన్న వైపు జరిగి, గట్టి నేల చూసుకుని, నెమ్మదిగా చతికిలబడింది. నాన్న మీద లాలాంగ్ మోకాలెత్తు లేచి ఉంది. ఆమె దాని మీద చెయ్యి వెయ్యలేదు. తల ఎత్తి నా వైపు చూసింది.

"ఇప్పుడు పీకొచ్చా, టీచరమ్మా?"

ఆమె మాట నిలబెట్టుకుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"పీకమ్మా," అన్నాను.